గొడుగు బొమ్మ కింది కొక్కెం

చంటిపిల్లల బడులను చూసుకొను అధికారి గారి సముఖమునకు,
వంతెన మెట్ల కింద గొడుగులు బాగుచేయు ముసలివాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇదివరకు నేను ఇచ్చిన దొంగతనం అర్జీ పూర్తిగా తప్పు అగుటచేత దానిని కొట్టివేసి, దాని మూలముగా బడికి దూరమైన గొడుగు గుర్తు పిల్లను నెలాఖరు లోపల తిరిగి పిలిపించుట గురించి.

తమరికి నేను గుర్తుండే ఉంటాను. ఎర్ర స్వెటర్ చంకన పెట్టుకొని వచ్చి బల్ల గుద్దినవాడిని. తమరి మంచినీళ్ళ గ్లాసు ఒలికినది. ఆ అర్జీ ఆఫీసు మెట్ల మీద కూర్చునే రాతగాడి చేత రాయించితిని. ఇది నేనే రాస్తున్నాను. రాతగాడి దగ్గరకు పోతే అంతా నోటితో చెప్పవలెను. నోరు రాలేదు. పాత అర్జీ నకలు ముందు పెట్టుకొని అందులోని పెద్ద మాటలే ఏరుకొని రాయుచున్నాను గనుక ఎక్కడైనా మాట అతకకపోతే మన్నించవలెను. అక్షరాలు వంకరపోయినవి వయసు వలన. భయం వలన కాదు.

మనవి చేసుకొను అంశములు:

1. మా అమ్మాయి ఆసుపత్రిలో రోగుల పక్కబట్టలు ఉతికే పనికి పోవుచున్నది. దాని కూతురిని బడికి దింపుట, తెచ్చుట నా పని. ఆ బడి పిల్లలకు ఇంకా అక్షరాలు రావు గనుక ఒక్కొక్కరికి ఒక బొమ్మ గుర్తు ఇచ్చినారు. కొక్కెం పైన అదే బొమ్మ, సంచి మీద అదే బొమ్మ. బట్టల మీద ఇంటివాళ్ళు ఆ బొమ్మే కుట్టి పంపవలెను. ఏ బొమ్మ బట్ట ఆ బొమ్మ కొక్కేనికి చేరును. నా మనవరాలికి గొడుగు వచ్చినది. నేను అడిగి వేయించుకున్నది కాదు, దానంతట అదే వచ్చినది. మా అయ్య గొడుగులు బాగుచేసినాడు, నేనూ అదే చేయుచున్నాను. సర్కారుకు కూడా మా వంశం సంగతి తెలిసిపోయిందని వీధి వీధంతా చెప్పుకున్నాను. పాత గొడుగుల నల్లగుడ్డ కత్తిరించి, పసుపు దారంతో పిడి కుట్టి, పిల్ల తాలూకు ప్రతి బట్ట మీదా గొడుగు వేసితిని. మేజోళ్ళ మీద కూడా వేసితిని. వానకు తడవని గుర్తు ఆ బడిలో నా మనవరాలిది ఒక్కటే.

2. పిల్ల పై తరగతికి పోయినది. పై తరగతిలో గుర్తు మారును. కళ్ళద్దాల టీచరమ్మ గేటు దగ్గర నన్ను ఆపి చెప్పినది. నేను వినలేదని అనను. విన్నాను.

"తాతగారూ, ఇవాల్టి నుంచి మీ పాప గుర్తు నత్త. బట్టల మీద మార్చి కుట్టాలి. గొడుగు వేరే పాపకి ఇస్తు…"

"నత్తా? మా ఇంట్లో నత్తలెవరూ లేరమ్మా" అన్నాను. ఆమె మాట ఇంకా నోట్లో ఉండగానే పిల్ల చెయ్యి పట్టుకొని వచ్చేశాను. మా అమ్మాయంత వయసు లేని పిల్ల నాకు చెప్పేదేమిటని.

దారిలో మనవరాలు కూడా చెప్పింది. "నత్త మంచిదే తాతా. దానికి ఇల్లు వీపు మీదే ఉంటుంది."

"గొడుగుంటే ఇల్లెందుకే?" అన్నాను. అది నవ్వింది. నేను గెలిచాననుకున్నాను. ఆ రోజు కొత్త తువాలు మీద కూడా గొడుగే కుట్టితిని. కాస్త పెద్దదిగా కుట్టితిని.

3. ఆ పిమ్మట వస్తువులు పోవుట మొదలైనది. టోపీ పోయినది. తువాలు పోయినది. మేజోళ్ళు పోయినవి. టీచరమ్మ వెతికినది, ఆయా వెతికినది. "గుర్తు కుట్టే పంపారు కదా తాతగారూ?" అని టీచరమ్మ అడిగినది. "కుట్టాను. నా కుట్టు గాలివానకే ఊడదు, మీ బడిలో ఊడుతుందా?" అన్నాను. ఏ గుర్తు కుట్టావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. పైగా "మీ కళ్ళద్దాలు కూడా ఎవరైనా ఎత్తుకుపోయారా ఏమిటి, మీకు ఏదీ కనపడట్లేదు?" అని పదిమందిలో అన్నాను. అందరూ నవ్వారు. నా మాటకు జనం నవ్వితే నాకు ఆకలి వేయదు. చెడ్డ అలవాటు.

4. ఆఖరున ఎర్ర స్వెటర్ పోయినది. మా అమ్మాయి రాత్రి పాళీల్లో, రోగులు నిద్రపోయాక అల్లినది. ఆ వారంలో ఈదురుగాలి. బడి వదిలే వేళ గేటు దగ్గర తల్లులు, తాతలు అందరూ ఉన్నారు. ఆ స్వెటరే వేసుకొని ఒక చిన్నపిల్ల మెట్లు దిగుచున్నది. చేతులు పొడుగై వేళ్ళు కనబడడం లేదు. రొమ్ము మీద నా నల్ల గొడుగు.

ఇక్కడ రాతగాడైతే "సదరు సొత్తును స్వాధీనపరచుకొంటిని" అని రాసినాడు. నేను రాస్తాను చూడండి. ఆ పిల్ల ఒంటి మీద నుంచి స్వెటర్ లాగినాను. "దొరికిందే దొంగ!" అని అరిచినాను. పిల్ల ఏడవలేదు. రెండు చేతులూ పైకెత్తింది. బట్టలు మార్చేటప్పుడు చేతులు ఎత్తాలని వాళ్ళమ్మ నేర్పి ఉంటుంది గదా, అందుకని. నాకు పని సులువు చేసింది. లోపల పల్చటి గౌను. గాలి.

అప్పుడే వాళ్ళమ్మ పరుగున వచ్చినది. రొట్టెల బట్టీలో పిండి కలిపే మనిషి, మోచేతుల దాకా పిండి. ఆమెను కూడా అనరాని మాట అన్నాను. ఆ మాట తమరి ఆఫీసు కాయితం మీద వద్దు.

5. అటునుంచి అటే తమరి దగ్గరకు వచ్చి అర్జీ పెట్టుకున్నాను. తమరి ఆఫీసులో కాయితం కదలాలంటే భూకంపం రావాలని ఊరంతా అంటారు. మా వీధి దీపం గురించి నేను పెట్టిన అర్జీ ఇంకా చీకట్లోనే ఉన్నది. నా ఖర్మ కొద్దీ ఈ ఒక్కటి ఆ సాయంత్రానికే కదిలినది. "విచారణ ముగియువరకు సదరు బాలికను బడిలోనికి అనుమతించరాదు" అని తమరు ఉత్తరువు ఇచ్చినారు. దాన్ని గేటుకు అంటించినారు. ఆ ఉత్తరువు చూసి నేను వంతెన కింద అందరికీ టీ పోయించాను. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. గొడుగులవాడిని ఎట్లాగూ, అల్పుడిని కూడా అయ్యాను. ఇక సామెతకు వేరే మనిషి అక్కర్లేదు.

6. స్వెటర్ ఇంటికి తెచ్చి మనవరాలికి తొడగబోయాను. అది వెనక్కి జరిగింది.

"అది గొడుగుది తాతా. నేను నత్తని."

"నీదేనే. మీ అమ్మ అల్లింది."

"గొడుగు బొమ్మ ఉంటే గొడుగుదే. నువ్వు దానిది లాక్కున్నావు."

చిన్నపిల్లకేం తెలుసులే అనుకున్నాను. రాత్రంతా ఆ మాట చెవిలో దోమలాగా తిరిగింది. తెల్లారి బడికి పోతే టీచరమ్మ, "లోపలికి రండి తాతగారూ, మీరే చూడండి" అన్నది. నేను ఎప్పుడూ గేటు దాటి పోయినవాడిని కాను. కొక్కేలు పిల్లల ఎత్తుకు కొట్టినారు. చూడవలెనంటే మోకాళ్ళ మీద కూర్చోవలెను. కూర్చున్నాను. గొడుగు బొమ్మ కింది కొక్కేనికి మా టోపీ, మా తువాలు, మా మేజోళ్ళు. అన్నీ ఉతికి, మడతపెట్టి, మేజోళ్ళు రెండూ కలిపి పిన్నుతో గుచ్చి ఉన్నవి. నేను మా పిల్ల బట్టలు అంత బాగా మడతపెట్టను.

ఆయా చెప్పినది. గొడుగు గుర్తు ఇప్పుడు ఆ చిన్నపిల్లది గనుక, గొడుగు ఉన్నవన్నీ తను ఆ పిల్ల సంచిలోనే పెట్టేదట. ఇంటికి పోయిన ప్రతి వస్తువునూ ఆ తల్లి ఉతికి వెనక్కి తెచ్చి, "ఇది మాది కాదక్కా, ఎవరిదో చూడండి" అనేదట. "మీ గొడుగే ఉందిగా, బడివాళ్ళు ఇచ్చింది అనుకో" అని ఆయా కొక్కేనికి తగిలించేదట. ఇటు టీచరమ్మ నత్త బొమ్మ ఉన్న బట్టలకోసం బడంతా వెతుకుతూ ఉన్నది. స్వెటర్ సంగతి ఆ తల్లికి తెలియనే తెలియదు. ఆ రోజు చలిగా ఉందని ఆయానే తొడిగినది.

కాబట్టి అయ్యా, దొంగ లేడు. బడి తప్పు లేదు. నత్త అంటే నాకు నామోషీ. అంతే జరిగినది.

7. స్వెటర్ పట్టుకొని రొట్టెల బట్టీకి పోయాను. పొయ్యి ఎదురుగా, పిండి బస్తాకు ఆ పిల్లను నడుముకు గుడ్డతో కట్టి ఉంచినారు. పొయ్యి దగ్గరికి పోకుండా. బడి లేదు గదా, ఇంకెక్కడ ఉంచుతుంది? గుడ్డ ఎంత పొడుగో అంత దూరం పోయి, ఆగి, మళ్ళీ వెనక్కి వస్తున్నది. ఆ గదిలో వేడికి నేను నిలబడలేకపోయాను.

తల్లి నన్ను చూసింది. పిండి పిసకడం ఆపలేదు.

"ఏం పెద్దాయనా, మా పిల్ల ఒంటి మీద ఇంకా ఏమన్నా మిగిలిందా?"

నాకు నోటికి మాట తడుముకునే రోగం ఎన్నడూ లేదు. అప్పుడు వచ్చింది. స్వెటర్ ముందుకు చాపి, "తప్పయిపోయిందమ్మా" అన్నాను. లోపల పనివాళ్ళు అందరూ చేతులాపి చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. నేను అన్నది పదిమందిలోనే గదా.

"మీ తప్పు మీరు ఉంచుకోండి. ఆ స్వెటర్ కూడా ఉంచుకోండి. మాకు ఆఫీసు కాయితం తెచ్చివ్వండి చాలు. నెలాఖరుకు రాకపోతే కొక్కెం ఇంకొకరికి ఇచ్చేస్తారంట."

ఆ మాటలు అవుతుండగా ఆ పిల్ల నా చేతిలో స్వెటర్ చూసినది. చూసి రెండు చేతులూ పైకెత్తినది. ఒంటి మీద ఆ పల్చటి గౌనే ఉన్నది, అయినా ఎత్తినది. వాళ్ళమ్మ పిండి చేతులతోనే వచ్చి, ఆ రెండు చేతులూ పట్టుకొని కిందికి దించినది. నేను బయటికి వచ్చేశాను.

8. టీచరమ్మను అడిగితే "మా చేతిలో లేదు తాతగారూ, ఆఫీసు నుంచి రావాలి" అన్నది. తమరి బంట్రోతును అడిగితే "ఏం పెద్దాయనా, నిన్న దొంగ అన్నావు, ఇవాళ దొర అంటున్నావు. ఏ ఎండకా గొడుగా?" అన్నాడు. వాడి నోరు నా నోరు లాంటిదే, ముసలితనంలో వాడికే తెలుస్తుంది. ఎవడు ఫిర్యాదు ఇచ్చాడో వాడే రాతపూర్వకముగా వెనక్కి తీసుకోవలెనని, అట్లయితేనే దస్త్రం మూస్తారని చెప్పినాడు. అందువలన ఈ అర్జీ.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా. (వేడుకొను అన్న మాట రాతగాడి నకలులో లేదు. అందులో "డిమాండు చేయుచున్నాను" అని ఉన్నది. ఇది నా సొంతం.)

(అ) నా మొదటి అర్జీని చింపివేయవలెను. చింపరాదని రూలు ఉంటే దాని మీద అడ్డంగా ఎర్ర గీత గీయవలెను.

(ఆ) గొడుగు గుర్తు పిల్లను నెలాఖరు దాటకుండా బడికి పిలిపించి, అదే కొక్కెం, అదే బొమ్మ ఇప్పించవలెను. మొదటి అర్జీ ఎంత వేగంగా కదిలినదో ఇదీ అంత వేగంగా కదలవలెను. మా వీధి దీపం ఇప్పుడప్పుడే అక్కర్లేదు.

(ఇ) గేటుకు అంటించిన ఉత్తరువు పీకించి, అదే చోట, అంతే పెద్ద కాయితం మీద, "దొంగ ఎవరూ లేరు, గొడుగులాయన తప్పు" అని అంటించవలెను. మామూలుగా రాస్తే చాలు, పెద్ద మాటలు వద్దు. నేను రోజూ ఆ గేటు దగ్గరే నిలబడేవాడిని, చదవలేని వాళ్ళకు నేనే చదివి చెప్పగలను.

(ఈ) విచారణ తప్పనిసరి అయితే నన్ను విచారించవలెను. ఆ తల్లిని ఆఫీసుకు పిలిపించరాదు. ఆమెకు పని పోతుంది.

నా మనవరాలి బట్టలన్నిటి మీదా గొడుగులు విప్పి నత్తలు కుట్టుచున్నాను. నత్తను కుట్టడం కష్టం, ఆ చుట్ట సరిగా తిరగదు. మనవరాలు పక్కన కూర్చొని "ఇది నత్త కాదు తాతా, జిలేబీ" అంటున్నది. మాట పడుతున్నాను.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. చిత్తగించి కోపగించుకొనదలిస్తే నా ఒక్కడి మీదనే కోపగించుకొనవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(విధేయుడినని ఇంతకు ముందు ఎవరికీ రాయలేదు)
వంతెన మెట్ల కింద గొడుగులు బాగుచేయువాడు

జతపరచినది: ఎర్ర స్వెటర్, ఒకటి.

తా.క.: స్వెటర్ పంపినందుకు తమరికి చిరాకు కలగవచ్చును. మా అమ్మాయితో చెప్పే పంపుచున్నాను. నా చేత్తో ఇస్తే ఆ తల్లి పుచ్చుకోదు. పుచ్చుకోకూడదు కూడా. కొక్కేనికి తగిలిస్తే దానంతట అదే గొడుగు పిల్లది అవుతుంది, రూలు అదే గదా. దాని మీద గొడుగు విప్పలేదు, అట్లాగే ఉంచాను. కాకపోతే తొడిగేవాళ్ళు ఎవరైనా సరే, ఆయా గానీ టీచరమ్మ గానీ, మడత విప్పకముందే ఆ పిల్లతో "ఇది తొడగడానికమ్మా, తియ్యడానికి కాదు" అని ఒక మాట చెప్పమని తమరు ఉత్తరువులో రాయించగలరు. చెప్పకపోయినా చేతులు పైకెత్తుతుంది. అందుకనే చెప్పమంటున్నాను.