డేవిడ్ మామ బానెట్ ప్రార్థన

మహాఘనత వహించిన డేవిడ్ మామకు, మీ పాత కారు వెనక సీటు ప్రయాణికుడు రాసుకునే విన్నపం.

మీరు పోయాక ఇదే మొదటి చలికాలం. ఏటా మీరు తీసుకెళ్ళినట్టే ఈసారి మీ కొడుకు సన్నీ, మా స్నేహితుడు ఇమ్రాన్, నేను సింగూరు డ్యామ్‌కు బయలుదేరాం. ఇస్నాపూర్‌లో మీలాగే బానెట్ ఎత్తి, ఇంజిన్ మీద చేయి పెట్టి, కళ్ళు మూసుకుని దీర్ఘంగా ప్రార్థించాం. అంత భక్తి మా దగ్గర మీరు కూడా చూసి ఉండరు.

కారు రుద్రారంలో ఒకసారి ఆగింది. సంగారెడ్డి దాటాక పొగలు కక్కుతూ మళ్ళీ ఆగింది.

"ఇగ దీన్ని తుక్కుకు అమ్మేస్త," అన్నాడు సన్నీ. వాడు అన్నంత పనీ చేస్తాడని భయపడి అత్తమ్మకు ఫోన్ చేశాను.

"రేడియేటర్ల నీళ్ళు సూసిండ్రా?"

"ప్రార్థన చేసినం అత్తమ్మా."

"కండ్లు మూస్కోనా? మీ మామ ఏనాడన్న కండ్లు మూసిండా? నీళ్ళు, ఆయిలు, బెల్టు అన్నీ సూసినంకనే ఆమెన్ అనేటోడు!"

ఇన్నేళ్ళూ మేం కళ్ళు మూసుకునే ఉన్నాం కాబట్టి ఆ రహస్యం మాకు తెలియలేదు. మీరు చూసుకుంటారనే కదా మామా, అంత ధైర్యంగా మూసుకున్నాం.

ఇంజిన్ చల్లారాక ఇమ్రాన్ పక్క పొలం బోరు నుంచి నీళ్ళు తెచ్చి పోశాడు. డ్యామ్ దాకా కారు కిక్కురుమనలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు సన్నీయే బానెట్ ఎత్తి ప్రార్థన మొదలుపెట్టాడు. అమ్మకం మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. వాడి రెండు కళ్ళూ రేడియేటర్ మీదే ఉన్నాయి.

నేను నిశ్చింతగా కళ్ళు మూసుకున్నాను.