ఫిరంగి గోతిలో కలువలు

విశాఖపట్నం

పూజ్యులైన పెద్దన్నయ్యగారికి, తమ్ముడు రత్నం ప్రభువు పేరిట చేసుకునే వందనాలు. మీరు, వదినగారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదినగారి మోకాళ్ల నొప్పి ఎలా ఉందో రాయండి. నాకేమీ లోటు లేదు, బెంగపడకండి. ఉప్పుగాలికి ఒళ్లు జిగటగా ఉంటుంది, కొర్రమీను పులుసు కలలో తప్ప కనబడదు. అంతే.

నేను పనిచేసే దిబ్బ సంగతి అడిగారు. యుద్ధంలో జపానువాళ్ల ఓడలకు జడిసి దొరలు ఇక్కడి జాలరి గుడిసెలు పీకించారు. సిమెంటు కోట కట్టి, సముద్రం మీదికి రెండు ఫిరంగులు పెట్టారు. యుద్ధం అయ్యాక ఫిరంగులు పట్టుకుపోయారు గానీ గుడిసెలవాళ్లను ఎవరూ తిరిగి పిలవలేదు. ఇప్పుడు దాన్ని పార్కు చేశారు. ఫిరంగి తిరిగిన గుండ్రటి గోతిని కలువల కొలనుగా మార్చమన్నారు. ఎన్ని నీళ్లు పోసినా ఇంకిపోయేవి. చివరికి మన కొల్లేటి గట్లకు చేసినట్టు బంకమట్టిలో ఊక కలిపి, ఆరుగురం మూడు రోజులు ఉత్తకాళ్లతో తొక్కాం. చుక్క కారలేదు!

పార్కు తెరిచిన రోజున గేటుకు బోర్డు కట్టారు: చెప్పులు లేనివారికి ప్రవేశం లేదు.

నాకు ఒళ్లు మండింది అన్నయ్యా. మండే పొద దగ్గర దేవుడు మోషేను చెప్పులు విప్పమన్నాడు, వీళ్లు తొడుక్కు రమ్మంటున్నారు! ఆదివారం ప్రార్థన కాగానే సత్తెమ్మ అనే ముసలామెను వెంటబెట్టుకుని, ఇద్దరం ఉత్తకాళ్లతోనే వెళ్లాం. కోట కట్టకముందు ఆమె గుడిసె అక్కడే ఉండేది. కాపలావాడు అడ్డం నిలిచాడు.

"ఏటమ్మా, బోర్డు అగుపడ్డం లేదేటి?"

"నా పొయ్యున్న సోటికి నాకు సెప్పులేటిరా? మీయమ్మ బూట్లేసుకునే నీకు కూడెట్టిందేటి?"

వాడికి నవ్వాగలేదు, పక్కకు తప్పుకున్నాడు. సాయంత్రం దాకా కొలనులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాం.

మర్నాడు పార్కు సూపరింటెండెంటుగారు పిలిపించారు. క్షమాపణ రాసి సంతకం పెడితే తోటమాలి పని పర్మనెంటు, లేకపోతే శనివారంతో సరి అన్నారు.

"అయ్యా, ఆ కొలను అడుగున మా పాదాల ముద్రలున్నాయండి. ముందు వాటిని బయటికి పంపండి, తర్వాత నేను పోతాను" అన్నాను. సంతకం పెట్టలేదు, పెట్టను.

మీరు కంగారుపడి రైలెక్కకండి. కూలిపనికి నాకు రెక్కలున్నాయి. ఒక్క సాయం చేయండి: కొలనులో ఇంకా కలువలు వేయలేదు, మన కొల్లేటి కలువ దుంపలు తడిగడ్డిలో చుట్టి, గోనెలో కట్టి, నా పేర పార్కుకు పంపితే శనివారం తర్వాత నాకు అందవు గనుక, సత్తెమ్మ పేర రైలు పార్సిల్లో పంపండి. చిన్నాన్నగారికి, సంఘ పెద్దలకు నా వందనాలు చెప్పి, నాకోసం ప్రార్థన చేయమనండి. శనివారంతో నా పని పోయినా సరే, ఆ కొలనులో దుంపలు నాటేది నేనే. ఉత్తకాళ్లతోనే.

మీ దీవెన కోరే తమ్ముడు,
రత్నం