రేడియేటరుకు అడ్డంగా కట్టిన బోర్డు

వేలూరు,
12-8-1953

బావకు,

ఎట్లుండారని అడిగే ఓపిక ఈ పొద్దు నాకు లేదు. అక్కా బిడ్డా బాగుండారు. ఆడపిల్ల. ఆసుపత్రిలో కాదు, లత్తేరి దాటినాక రోడ్డు పక్కన పుట్టింది.

అది మీ నాయన కొన్న కారు. ఇరవై ఏండ్ల ఇంజనుకు గాలి తగలాల, ముందర ఏమీ కట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినాను! అయినా "గుడియాత్తం ఆంధ్రకే" అని ఇంత పెద్ద బోర్డు రేడియేటరుకు అడ్డంగా బిగించినారు. బానెట్టు పక్కల్లో గాలి సందులు కోస్తానంటే, "మా నాయన కారును కోస్తావా?" అని నా మీదికి లేచినారు.

మీరు కారు ఇంట్లో పెట్టి సరిహద్దు సభలకని పోయినారు. నిన్న మధ్యాహ్నం నొప్పులొస్తే పరదరామి నుంచి అక్కను ఎక్కించుకొని బయలుదేరినాను. లత్తేరి దాటినాక రేడియేటరులో నీళ్లు తెర్లి, బుస్సుమని ఆవిరి లేచి బండి ఆగిపోయింది. కాలే ఇంజనులో చన్నీళ్లు పోస్తే పగిలిపోతుంది. అది చల్లారేదాకా నేను ఊరికే నిలబడినాను, అక్క వెనక సీటులో అరుస్తా ఉండింది. పక్కన గోడ కడతా ఉండిన మునియమ్మ అనే ఆమె పరుగెత్తుకొని వచ్చి, "నువ్వు అవతలికి పో నాయనా" అని చీర అడ్డం కట్టి పురుడు పోసింది.

ఊరు ఏ రాష్ట్రంలో చేరితే ఏమి బావా, మీ పెండ్లాం ఆసుపత్రి చేరాల్నా వద్దా?

ఇంజను చల్లారినాక నీళ్లు పోసి, బోర్డును పీకి గుంటలో పారేసినాను. ఆ తరువాత వేలూరు దాకా ఒక్కసారి కూడా నీళ్లు తెర్లలేదు.

పొద్దున అక్క కండ్లు తెరిచి, "ఆయనకు చెప్పినావా?" అని అడిగింది. మిమ్మల్ని ఒక్క మాటా అనలేదు. ఆమె అననిదంతా నేను రాసినాను. బస్సెక్కి రాండి.

మీ బామ్మర్ది