హదస్సా ఫోన్ చెయ్యలేదు

మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్.

ప్రేమగల అమ్మకు,

మన ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ నేనూ, నీ అల్లుడు నతానియేలూ బాగానే ఉన్నాం. బాగానే అంటే, పడుతూ లేస్తూ ఉన్నాం. నువ్వూ, తమ్ముడు కాలేబూ, మరదలూ, చిన్నది షెకీనా అందరూ క్షేమమని నీ ఉత్తరంలో చదివాను. ఆ వాక్యాన్నే మళ్లీ మళ్లీ చదివాను.

నువ్వడిగిన మోకాళ్ల నూనె పద్మారావు నగర్‌లో దొరికింది, పార్సెల్ చేశాను. రాసుకుని వెంటనే నీళ్లలో చెయ్యి పెట్టకు. క్రిస్మస్‌కు వస్తావా అని అడిగావు. వస్తాను. ఏనాడూ సెలవు దొరకనిదాన్ని ఈసారి వారం ఉంటాను. ఎలా దొరికిందో కింద రాస్తాను. ఆఫీసులో అత్తకి ఆకాశమంతా కనిపిస్తుందా అని షెకీనా అడిగిందట. కిటికీలోంచి వాటర్ ట్యాంకు గోడ కనిపిస్తుందని చెప్పు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను చెప్పనివ్వవమ్మా. మొదటి మాటకే ఏడుస్తావు, రెండో మాటకి ప్రార్థన ఎత్తుకుంటావు. పైగా ఫోన్లో మాట నీ ఒక్కదాని చెవిలోనే ఉండిపోతుంది. ఇది నలుగురూ వినాల్సిన మాట.

తుపాను రోజు సంగతి నువ్వెంత సంబరంగా రాశావో! సాయంత్రం సైరన్ మోగిందట. ఆటోకి మైకు కట్టి, తుపాను షెల్టరుకు పదండని వీధి వీధీ తిరిగారట. కాలేబు పిల్లని చంకనేసుకుని "పదమ్మా, ఎళ్లిపోదాం" అంటే, నువ్వు గడపలో కూర్చుని "ఎక్కడికిరా? హదస్సా ఫోన్ చెయ్యలేదు కదా. రోజూ చేసే పిల్ల, నిజంగా వచ్చేదుంటే చెయ్యదా? ఏం రాదు, అన్నాలు తినండి" అన్నావట. నిన్ను చూసి వీధంతా ఆగిపోయింది. మన ఇంటి పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. యేసురాజు బాబాయి మంచినీళ్లకని లేచాడు, ఆయన లేచిన మంచం మీద గోడ కూలింది. అయినా ఎవరికీ ఏమీ కాలేదని, నా కూతురి మీద నమ్మకముంచితే దేవుడు కాపాడాడని, ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పావు. సంఘమంతా చప్పట్లు కొట్టిందని రాశావు.

అది చదివి వెంటనే ఈ ఉత్తరం మొదలుపెట్టానమ్మా.

నీకు తెలియని సంగతి ఒకటుంది. వానాకాలం మొదట్లోనే నేను ఆ వాతావరణం గదిలోంచి బయటికొచ్చేశాను. ఎవరూ పంపెయ్యలేదు, నేనే అడిగి జీతాల బిల్లుల సెక్షన్‌కి మారాను. ఈసారి సెలవు దొరికింది అందుకే. ఏళ్ల తరబడి పొద్దున్నే దేశం పటం ముందు కూర్చున్నాను. ఉత్తరాన పొగమంచు, కొండల్లో మంచు, ఇటు వడగాలి, అటు పిడుగులు. ఏ జిల్లాకి పసుపు హెచ్చరిక వెయ్యాలి, ఏ జిల్లాకి ఎరుపు వెయ్యాలి? వానొస్తుందని చెప్పి రాకపోతే తిట్లు. చెప్పినట్టే వస్తే, చెప్పినా కదలని మనుషుల వార్త మర్నాడు పేపర్లో. పిడుగులు పడతాయని వేళకే పంపిన మెసేజ్ ఫోన్లో ఉండగానే, చేలో కూలీలు చనిపోయారు. తప్పు నాది కాదు. కానీ ఆ తర్వాత పటం చూస్తే నాకు రంగులు కనిపించేవి కావు, మనుషులే కనిపించేవారు. అలిసిపోయానమ్మా. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

నీకెందుకు చెప్పలేదంటావా? "వాతావరణ ఆఫీసులో ఉన్న మా హదస్సా కోసం" అని సంఘమంతా ప్రార్థన చేస్తుంటే, నేనిక్కడ బిల్లులు కుడుతున్నానని ఎలా చెప్పను? అప్పట్నుంచి రోజూ పొద్దున నీకు చెప్పింది నా లెక్క కాదు. అందరి ఫోన్లకీ వచ్చే మెసేజే. అది నీ ఫోన్‌కీ వస్తుంది, నువ్వు తెరవవు. పొయ్యి దగ్గర నిలబడి దాన్నే చదివి వినిపించేదాన్ని. నతానియేల్ నవ్వేవాడు. "ఏందే గిట్ల? నువ్వు ఫోన్ల చూసి చదువుతవ్, అత్తమ్మేమో తుపాన్లన్నీ నువ్వే ఆపుతున్నవనుకుంటది. జెర నిజం చెప్పరాదూ!" అనేవాడు. రేపు చెబుదాంలే అనుకుంటూ వచ్చాను.

ఆ రోజు ఎందుకు ఫోన్ చెయ్యలేదని అడిగావు. జ్వరమొచ్చింది. మాత్ర వేసుకుని పడుకున్నాను. నా నిద్ర పాడవకూడదని నతానియేల్ నా ఫోన్ సైలెంట్‌లో పెట్టి, తను పనిచేసే బడికి వెళ్లాడు. లేచి చూసేసరికి మీ ఊళ్లో సెల్ టవరు పోయింది. అంతేనమ్మా. నువ్వు వీధి మొత్తాన్నీ ఇంట్లో కూర్చోబెట్టింది నా తెలివి చూసుకుని కాదు, నా జ్వరం చూసుకుని. టవరు వచ్చి, కాలేబు గొంతు వినేదాకా నేను పడ్డ తక్లీఫ్ పగవాళ్లక్కూడా వద్దు.

సముద్రం ఈ ఏడాదికి ఇంకా సద్దుమణగలేదు. ఇంకొకటి రావచ్చు. వస్తే మీ వీధి మళ్లీ నీ గడప వైపే చూస్తుంది. అందుకే నిన్నొకటి అడుగుతున్నాను. వచ్చే ఆదివారం మళ్లీ లేచి నిలబడు. ఆ సాక్ష్యం వెనక్కి తీసుకో. నా కూతురికి మనకన్నా ఎక్కువేమీ తెలియదు, ఆ రోజు అది జ్వరంతో పడుకుంది, మనం బతికింది నా మాట వల్ల కాదు, నా మాట విని కూడా బతికాం అని చెప్పు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకున్నవాళ్లని మన చర్చిలో నేనెప్పుడూ చూడలేదు. నీకు ఎంత నామోషీయో తెలుసు. నోరు రాకపోతే ఈ ఉత్తరం పాస్టరు అయ్యగారి చేతికివ్వు, ఆయన చదువుతారు. నా పరువు గురించి ఆలోచించకు. బిల్లులు కుట్టేదానికి పెద్ద పరువేం ఉంటుందిలే.

రోజూ ఫోన్ చేస్తాను. కూరేం వండావని అడుగుతాను, మోకాళ్లెలా ఉన్నాయని అడుగుతాను. వాన సంగతి మాత్రం ఇక నన్నడగొద్దు. సైరన్ మోగితే నా కోసం చూడకు, అందరికన్నా ముందు నువ్వు లే. నువ్వు లేస్తే వీధి లేస్తుంది.

ఇట్లు,
ఫోన్ చేసినా, చెయ్యకపోయినా నీ కూతురే,
హదస్సా