మా అమ్మడి చేతికి వాచీ

మంగళవారం, రాత్రి

రేపటినుంచి మా అమ్మడు పోర్టులో క్రేన్లకు సిగ్నల్ ఇచ్చే పనికి వెళ్తుంది. సంతోషంతో నిద్ర పట్టడం లేదు. కానీ సాయంత్రం మేమిద్దరం వెళ్లిన వాచీల కొట్టువాడు గుర్తొస్తే, ఛీ, ఒళ్లంతా కంపరం! ఎండకీ వానకీ బొగ్గు దుమ్ముకీ ఆగే వాచీ తక్కువ ధరలో అడిగితే, తళతళలాడే సన్న గొలుసువి పరిచాడు.

"తడిస్తే ఏటవుద్ది?" అన్నాను.

"ఆడపిల్ల వానలో ఏటి సేత్తాది బాబాయ్?" అని ఇకిలించాడు.

మగవాళ్ల అరలోంచి రబ్బరు పట్టీది నేనే తీశాను. అమ్మడు దాన్ని అద్దం మణికట్టు లోపలికి వచ్చేలా కట్టుకుంది. అద్దానికి ఇనుము తగలకుండా పోర్టులో ముప్పై ఏళ్లూ నేనలాగే కట్టుకున్నాను.

"ఎవలు సెప్పారే?"

"నిన్ను సూళ్లేదేటి నానా?"

నా బంగారుతల్లి! ఆ వెధవ ఇకిలింపు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది. థూ!