జంపక్క రాని మధ్యాహ్నం

14-6-2007

చెల్లీ ప్రమీలా,

ఇవాళ బట్టలు ఉతికాను, చింతపండు గింజ తీశాను, రెండు కప్పుల టీ పెట్టి ఒకటి పారబోశాను.

ఏన్కూరు బస్సులో వచ్చి మా వీధి చివర మార్కెట్లో విస్తరాకులు అమ్మే జంపక్క నీకు తెలుసుగా. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టి, మున్సిపాలిటీ వాళ్లు తాళం వేసి ఉంచారు. పొద్దంతా నీళ్లు తాగకుండా కూర్చునే ఆమెను మా ఇంటికి రమ్మన్నాను. రోజూ మధ్యాహ్నం వచ్చేది. టీ తాగి, కాసేపు నవ్వించి పోయేది. మీ బావగారు పోయాక ఈ ఇంట్లో వినిపించిన మనిషి గొంతు అదొక్కటే.

తాళం తీయమని అర్జీలు రాసిందీ నేనే. "ఇది మీ దయ కాదు, వాళ్ల హక్కు" అని రాశాను. నిన్న తీశారు.

ఇవాళ సాయంత్రం జంపక్క ఒక విస్తళ్ల కట్ట తెచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రావే."

"ఎందుకక్కా? గిప్పుడు మాకు గక్కడ ఉన్నది గదా. ఇన్నాళ్లు నీకు తిప్పలైంది. గిది ఉంచుకో, ఇగ బాకీ లేదు."

తిప్పలేమీ కాలేదని చెప్పేలోపే బస్సుకు పరుగెత్తింది.

ఒక్కదాన్నే కదా, కట్టెడు విస్తళ్లు ఎప్పటికి అయిపోతాయో. రాత్రి లెక్కల పుస్తకంలో ఆమె మాటే రాసుకున్నాను: జంపక్క బాకీ తీరింది.

నీ అక్క