వియ్యం చెడగొట్టడానికి లక్సర్ వెళ్ళాను

జనవరి 11, ఆదివారం

లక్సర్ చేరాను. నైలు డెల్టాలోని మా ఊరు టాంటాలో అందరికీ గుళ్ళూ సమాధులూ చూడటానికి వెళుతున్నానని చెప్పి బయల్దేరాను. నిజానికి వచ్చింది జిహాన్ పెళ్ళి చెడగొట్టడానికి. ఒక్కగానొక్క కూతురు. ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగమని పంపితే, బెలూన్ నడిపేవాడి చేత ఉంగరం తొడిగించుకుంది. షాజ్లీ అట పేరు. పొద్దున్నే టూరిస్టుల్ని బుట్టలో ఎక్కించి, నెత్తిమీద మంట పెట్టి, గాలి ఎటు తోస్తే అటు పోతాడు. అది ఉద్యోగమట.

స్టేషన్‌కి వచ్చాడు. నా పెట్టె మోశాడు. మాట తక్కువ. పళ్ళు కూడా బాగున్నాయి. వంక పెట్టడానికి ఏమీ దొరక్క తలనొప్పి వచ్చింది.

జనవరి 12

ఫెర్రీలో నైలు దాటి పడమటి ఒడ్డున వాళ్ళింటికి వెళ్ళాం. షాజ్లీ తల్లి బహియా. హజ్ చేసివచ్చింది కనుక అందరికీ హాజ్జా. నాలాగే భర్త పోయినావిడ. నల్ల బట్టల్లో కోటగోడలా ఉంది. నా పేరు ఇన్సాఫ్ అని చెప్పాను. అయినా ఉమ్మ్ జిహాన్, అంటే జిహాన్ అమ్మ, అనే పిలిచింది.

రెండు పావురాలు, బెండకాయ పులుసు, ఎండలో పొంగించిన రొట్టె. అన్నం లేదా అన్నట్టు చూశాను కాబోలు, మీ డెల్టా వాళ్ళు అన్నంలోనే పుడతారట కదా అంది. నేను తెచ్చిన శనగల మిఠాయి మరీ గట్టిగా ఉందంటూనే సగం డబ్బా ఖాళీ చేసింది.

జిహాన్‌కి డ్యూటీ. రేపు సమాధులు ఈవిడే చూపిస్తుందట. నా ఖర్మ.

జనవరి 13

రాజుల లోయ. హాజ్జా పుట్టింది ఆ కొండ పక్కనే. అయినా చిన్నప్పుడెప్పుడో ఒకసారి వచ్చిందట, మళ్ళీ ఇదే. గోడమీది దేవతను చూపించి ఎవరని అడిగితే, మా వాళ్ళు కాదు అని ఊరుకుంది.

లోపల మెట్లమీద ఆయాసం తీర్చుకుంటూ కూర్చున్నాం. ఆవిడ గొంతు తగ్గించింది.

"ఉమ్మ్ జిహాన్, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోకండి. ఈ సంబంధం మీకు నచ్చిందా?"

లేదన్నాను. ఎందుకు దాచాలి?

"హమ్మయ్య. నాకూ నచ్చలేదు."

పట్నం పిల్ల తన కొడుకుని ఎగరేసుకుపోతుందని బెంగట. అసలే ఎగిరేవాడు, ఎంతసేపు అన్నాను. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆ నవ్వు సమాధిలో ఎంత మోగిందంటే, కాపలా మనిషి వచ్చి మెల్లగా మాట్లాడమన్నాడు. పడుకున్నవాడు లేవడులే అంది హాజ్జా.

జనవరి 14

కర్నాక్ గుడి. ఇక్కడైతే తెలిసినవాళ్ళు తగలరని హాజ్జా లెక్క. పథకం ఇది: శుక్రవారం భోజనాల దగ్గర మేమిద్దరం పోట్లాడుకోవాలి. కాపురం టాంటాలో అని నేను, మా మేడమీద అని ఆవిడ. పెద్దవాళ్ళు రెండు పక్కలా బిగుసుకుంటే సంబంధం దానంతటదే తప్పిపోతుంది.

స్తంభాల మధ్య రిహార్సల్ వేశాం. బడిలో కేకలేసి బతికినదాన్ని, గొంతు బాగా లేచింది. హాజ్జా చెప్పు తీసింది. చెప్పు పథకంలో లేదు. టూరిస్టులు మూగి ఫోటోలు తీశారు. ఒక పోలీసాయన పరుగున వచ్చి మధ్యలో నిలబడి, ఈ వయసులో సిగ్గుగా లేదా అని మందలించి, రాజీకి గుర్తుగా ఒకరి నెత్తిన ఒకరి చేత ముద్దు పెట్టించి, టీ తాగించి పంపాడు.

జనవరి 15

మెదీనెత్ హబూ గుడిలో రెండో రిహార్సల్. హాజ్జా వంకాయ కూర తెచ్చింది. పోట్లాట మర్చిపోయాం.

జనవరి 16, శుక్రవారం

పోట్లాట అనుకున్నట్టే సాగింది. పిల్లలిద్దరూ బుద్ధిగా విన్నారు. ఆపైన షాజ్లీ, సరే, టాంటాకే వచ్చేస్తానన్నాడు. అదే క్షణాన జిహాన్, సరే, మేడమీదే ఉంటాను, రొట్టె చేయడం నేర్పండి అంది.

నేనూ హాజ్జా మొహమొహాలు చూసుకున్నాం.

అప్పుడు మొదలైంది అసలు పోట్లాట. నన్నడక్కుండా ఉద్యోగం ఎలా వదిలేస్తావని జిహాన్. నన్నడక్కుండా మేడకి ఎలా ఒప్పుకుంటావని అతను. టాంటాలో బెలూన్ ఎవడెక్కుతాడని ఇది. అంటే నాకు వేరే పని చేతకాదనా అని అతను. ఎవరూ గొంతు పెంచలేదు. అందుకే భయమేసింది. జిహాన్ ఉంగరం తీసి పులుసు గిన్నె పక్కన పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

జనవరి 17

గెలిచాం.

జనవరి 18

జిహాన్ చేతిలో గుడ్డ వదలదు. ఇల్లు తుడుస్తుంది. తుడిచిందే మళ్ళీ తుడుస్తుంది. వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా ఇలా లేదు.

అది డ్యూటీకి వెళ్ళాక హాజ్జా ఫెర్రీ ఎక్కి ఈ ఒడ్డుకి వచ్చింది. షాజ్లీ నిన్న బెలూన్‌ని ఎవరిదో చెరకుతోటలో దించాడట. ఎప్పుడూ అలా చేయనివాడు. చెబుతూ చెబుతూ టీలో చక్కెర వేసుకోవడం కూడా మర్చిపోయింది.

"ఇన్సాఫ్, మనం కోరుకున్నదే జరిగింది కదా. మరి నాకు ముద్ద దిగదేం?"

నాకూ దిగడం లేదన్నాను.

"అది సరే, వీళ్ళ పెళ్ళి కాకపోతే నువ్వు నాకేమవుతావు? ఏం వంక పెట్టుకుని వస్తావు మా ఊరు?"

ముప్పయ్యేళ్ళు బడిలో జవాబులు చెప్పినదాన్ని. ఆవిడ టీలో చక్కెర వేసి కలిపాను.

జనవరి 19, పొద్దున

బెలూన్ ఎక్కాను. హాజ్జా ఆలోచన. బుట్టలోకి నన్ను ఇద్దరు తోశారు, ఒకరు లాగారు. హాజ్జాకి కూడా ఇదే మొదటిసారి. కళ్ళు మూసుకుని ఖురాన్ చదువుకుంటోంది. షాజ్లీ మమ్మల్ని ఒకసారి చూశాడు. మంట పెంచాడు.

ఊరంతా ఒక్కసారే కనిపించింది. నైలు, ఆ ఒడ్డున కర్నాక్, ఈ ఒడ్డున పచ్చటి చెరకు. గీత గీసినట్టు ఆ పచ్చదనం ఆగిపోయి, ఇసుక. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. రోజూ ఇది చూసేవాణ్ణి నేను టాంటాకి రమ్మన్నాను.

అంతలో హాజ్జా కళ్ళు తెరిచింది. తన డాబా మీద ఎండకు పెట్టిన రొట్టెపిండిని మేక తినేస్తోంది. అంత ఎత్తునుంచే దాన్ని తిట్టింది. తిట్టడం అయ్యాక జిహాన్‌కి ఫోన్ చేసి, "మీ అమ్మ గాల్లో ఉంది, నీకు తోచింది చెయ్యి" అని పెట్టేసింది.

మేం దిగేసరికి పొలంలో జిహాన్, చేతిలో బీపీ మిషన్‌తో. నన్ను వదిలేసి అతని మీద పడింది.

"బీపీ ఉన్న మనిషిని ఎక్కిస్తావా? బుద్ధుందా నీకు?"

"మీ అమ్మ ఎక్కింది. నువ్వు ఒక్కసారైనా ఎక్కావా?" అన్నాడు షాజ్లీ.

జిహాన్ మిషన్ పట్టీ నా చేతికి చుట్టింది. నా బీపీ చూసింది. బాగానే ఉంది. తర్వాత అతని చెయ్యి పట్టుకుని చూసింది. నాకంటే చాలాసేపు చూసింది. రేపు నన్నెక్కించు అంది.

కాపురం ఎక్కడో వాళ్ళే చూసుకుంటారట.

జనవరి 21

రేపు టాంటా రైలు. ఇంకో సమాధి ఉంది, అది చూడకుండా ఎలా వెళతావంది హాజ్జా. బాగుచేయడానికి మూసేశారట. ఎప్పుడు తెరుస్తారని అడిగాను. ఎవరికీ తెలియదట.

టికెట్ రద్దు చేశాను.